అన్నయ్య తీర్చిన ముఖం

ఆసుపత్రి ఎదురు వీధి,
మేడ మీద గది.

అన్నయ్యకి,

క్షేమంగా చేరాను. గది బాగానే ఉంది. ఒక కిటికీ, రెండు మంచాలు. రెండో మంచం ఆవిడ భర్తకి కంటి ఆపరేషన్ అని వచ్చిందట, లేచిన దగ్గర్నుంచి స్వెట్టర్ అల్లుతూనే ఉంటుంది. నేను లోపలికి రాగానే నా ఎడమ కన్ను చూసి, "ఎవరు కొట్టారమ్మా?" అంది. "పుట్టకముందే ఎవరో కొట్టి పంపించారు" అన్నాను. నవ్వి మళ్లీ అల్లుకుంది. ఇక్కడివాళ్లు అడిగేసి ఊరుకుంటారు. మన వీధిలోలా అడక్కుండా చూస్తూ ఉండరు.

ఈ రోజు డాక్టరమ్మ చూసింది. నిలబెట్టి చూసింది, కూర్చోబెట్టి చూసింది, తర్వాత తల మోకాళ్ల దాకా వంచి కాసేపు అలాగే ఉండమంది. లేచేసరికి కన్ను సగం మూసుకుపోయి, రెప్ప మీద నీలం ఉబ్బు రెండింతలైంది. "దొరికాడు దొంగ" అంది. కంటి చుట్టూ, కంటి గుంటలో వెనక కూడా, నెత్తురు నాళాలు చిక్కుపడి అడ్డదిడ్డంగా పెరిగాయట. వంగితే వాటిలోకి నెత్తురు దిగి ఉబ్బుతుంది, లేస్తే మెల్లగా తగ్గుతుంది. నాకు తెలిసిన సంగతే. కానీ ఒకరు నన్ను వంచి మరీ చూడటం ఇదే మొదటిసారి.

కోసి తీయబోతే నెత్తురు ఆగదట. ఇంజెక్షన్ ఉంది. తెర మీద చూసుకుంటూ ఆ నాళాల్లోకే మందు ఎక్కిస్తారు. ఆ మందుకి వాటి గోడలు అతుక్కుపోయి, కొన్ని నెలల్లో ముడుచుకుపోతాయి. అయితే మందు ఎక్కిన కొత్తలో వాపు వస్తుంది. అది కంటి నరాన్ని నొక్కితే చూపుకే ముప్పు. అందుకని ఊరికే చేయరు. ఇది పెరుగుతోందా, మొదటి నుంచీ ఇంతేనా అన్నది ముందు తేలాలి. పెరుగుతుంటే ఎప్పటికైనా అదే నరాన్ని నొక్కేస్తుంది కాబట్టి ఇంజెక్షన్ చేయక తప్పదు. పెరగకపోతే ముట్టుకోకపోవడమే మేలు. పెరుగుతోందని నేను చెప్పాను. "రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకి తెలియదమ్మా, చిన్నప్పటి నుంచి ఉన్న ఫోటోలు తెప్పించు" అంది.

ఫోటో స్టూడియో ఇంటి ఆడపిల్లని, నాకు ఫోటోలకి కొదవా? ఉన్నవన్నీ నువ్వు నెగటివ్ మీద పెన్సిల్‌తో తీర్చినవే. ఒక్కదాంట్లోనూ ఉబ్బు కనపడదు. ఆ మాట చెబితే డాక్టరమ్మ నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది.

కాబట్టి పని నీదే. నా నెగటివ్‌లు డార్క్ రూమ్‌లో రేకు పెట్టెలో ఉన్నాయి. వాటి మీద నువ్వు పెట్టిన పెన్సిల్ అంతా స్పిరిట్ దూదితో తుడిచేసి, ఏ టచింగూ లేకుండా ప్రింట్లు వేసి పంపు. చిన్నప్పటివి, హైస్కూలువి, నీ పెళ్లినాటివి, ఈమధ్యవి. ఆమె వాటి కోసమే ఆగింది. నా కన్ను నీ చేతిలో ఉందనుకో.

వదినకి చెప్పు, ప్రింట్లు చాలినన్ని నీళ్లలో కడగకపోతే పసుపెక్కిపోతాయని.

నీ చెల్లెలు


స్టూడియో,
కౌంటర్ దగ్గర.

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి మీ వదిన కాఫీ ముట్టలేదు. కంట్లో సూది ఏమిటండీ అంటుంది. నేను గుండె రాయి చేసుకుని ఆమె కాఫీ కూడా తాగేశాను.

నువ్వు లేక డార్క్ రూమ్ సంత అయిపోయింది. మొన్న ఒక పెళ్లికూతురి ముఖం మీద నీళ్ల మరక పడి, పెళ్లిలో ఏడ్చినట్టు వచ్చింది. వాళ్ల నాన్న దాన్ని పట్టుకుని, "మా అమ్మాయి ఏడవలేదు, మేమే ఏడ్చాం" అన్నాడు. మళ్లీ ప్రింటు వేసి ఇచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నీ చేతికి ఉన్న తూకం మా ఎవరికీ లేదు.

అసలు సంగతికి వస్తాను. నువ్వు అంత మామూలుగా రాసేశావు, చూపుకే ముప్పు అని. ఆ ఒక్క ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఇన్నేళ్లుగా దానితోనే చదువుకున్నావు, పనిచేస్తున్నావు, పేపరు చదువుతున్నావు. దానివల్ల నీకు ఆగిన పనేమిటి? పెళ్లి అంటావా, అది నువ్వే వద్దన్నావు. నాన్న పోతూ నిన్ను నా చేతిలో పెట్టాడు. ఆయనకి మాటిచ్చినట్టే నిన్ను కంటికి రెప్పలా చూసుకున్నాను, నీ మీద ఎవరినీ ఒక్క మాట అననివ్వలేదు. బయటికి వస్తే చూస్తారని కౌంటర్ నేనే చూసుకుని, లోపలి పని నీకిచ్చాను. ఇదంతా నీకు తెలియదని కాదు.

ఫోటోలు పంపుతాను. నేరుగా ఆసుపత్రికే, డాక్టరమ్మ పేరు మీద పంపుతాను. నువ్వు చూడొద్దు. చూసి మనసు పాడుచేసుకోవడం దేనికి?

మీ అన్నయ్య


మేడ మీద గది.

అన్నయ్యకి,

ఫోటోలు అందాయి. నువ్వు చూడొద్దన్నావని నేను అడగలేదు. నిజం చెప్పాలంటే చూడాలంటే నాకూ భయంగానే ఉంది. నా అసలు ముఖం ఫోటోలో ఎలా ఉంటుందో నాకు తెలియదు కదా.

డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచిందట. కనుగుడ్డు వెడల్పుతో ఉబ్బు వెడల్పు పోల్చి చూస్తే, చిన్నప్పుడూ ఇంతే, పెళ్లినాడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. "అదృష్టవంతురాలివి. ఇది కదలకుండా కూర్చునే రకం. ఇంజెక్షన్ వద్దు. ఏడాదికోసారి వచ్చి చూపించుకో" అంది. స్వెట్టరావిడ మంచి మాట విన్నావని నా బుగ్గ పుణికింది.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. పెరుగుతోందని నేను ఒట్టేసి చెప్పగలను అనుకున్నాను. మొన్నటి దాకా చదివేటప్పుడు రెప్ప అడ్డం వచ్చేది కాదు, ఇప్పుడు వస్తోంది. కానీ ఫోటోల ముందు నా మాట ఎంత? అద్దం చూసుకుని చూసుకుని నాకే పిచ్చి పట్టిందేమో అనిపించింది. బాగుపడాలన్న ఆశతోనే అది పెరుగుతున్నట్టు అనుకున్నానేమో.

ఇంకో సంగతి. ఆసుపత్రి ఎక్స్-రే గదిలో ఫిల్ములు కడిగే మనిషి మానేశాడు. నేను ఆ పని ఎరుగుదునని ఎవరో చెబితే పిలిచారు. చేరిపోయాను. ముఖాలకి బదులు ఎముకలు, అంతే తేడా. ఇక్కడ నన్ను లోపల దాచరు. కడిగిన ఫిల్ములు పట్టుకుని డాక్టర్ల గదులన్నీ నేనే తిరగాలి. మొదటి రోజు తల వంచుకుని తిరిగాను, మూడో రోజుకి మర్చిపోయాను. కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను అన్నయ్యా.

నీ చెల్లెలు


స్టూడియో.

చెల్లాయికి,

డాక్టరమ్మ మాట విని ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. నేను ముందే చెప్పానా లేదా? దానికి కన్నీళ్లేమిటి? సూది తప్పిందని ఏడ్చేదాన్ని నిన్నే చూశాను.

ఉద్యోగం సంగతే నాకు మింగుడుపడలేదు. ఇంట్లో డార్క్ రూమ్ పెట్టుకుని పరాయి ఊళ్లో డార్క్ రూమ్‌లో చాకిరీ ఏమిటి? ఎవరైనా వింటే అన్నయ్య వెళ్లగొట్టాడనుకుంటారు. నా ముఖం ఎక్కడ పెట్టుకోను? పెళ్లిళ్ల రోజులు దగ్గరికి వస్తున్నాయి. టచింగ్‌కి నేనున్నాను, ఎన్లార్జిమెంట్లకి ఎవరున్నారు? వదిన ఆ మందుల వాసనకి తలనొప్పి అని పడుకుంటుంది.

తమాషా చాలు. డాక్టర్లే ఏమీ లేదన్నాక అక్కడ నీకేం పని? నెలాఖరుకి వచ్చెయ్. నీ స్టూలు, నీ ఏప్రాన్ అలాగే ఉన్నాయి.

అన్నయ్య


ఎక్స్-రే గది.

అన్నయ్యా,

మధ్యాహ్నం ఫిల్ములు లేని వేళ రాస్తున్నాను. ఒక్క సంగతి అడగాలి. సూటిగా జవాబు రాయి.

డార్క్ రూమ్‌లో ఎర్ర దీపం ఉంటుంది కదా. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే అది ఎరుపుగా లేదు. మట్టి రంగులో ఉంది. ఎడమది మూసి కుడితో చూస్తే మామూలే. మొదట దీపానికి దుమ్ము పట్టిందనుకుని తుడిచాను. తుడిచినా అంతే. రెండు వారాలుగా ఒక వస్తువు అప్పుడప్పుడు రెండుగా కనిపిస్తోంది. తొట్టి ఎత్తడానికి వంగితే కంటి వెనక ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంది.

డాక్టరమ్మ సెలవులో ఉంది. ఆమె కింద పనిచేసే కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా ఫైలు తెరిచి, కొలతలు చూసి, "ఇది పెరిగే రకం కాదని మేడమ్ రాశారు. చీకట్లో పనిచేసి కళ్లు అలిసిపోయి ఉంటాయి, మేడమ్ వచ్చాక చూద్దాం" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కాగితం మీద అలాగే ఉంది.

నెగటివ్‌లు తుడిచింది నువ్వు. ప్రింట్లు వేసింది నువ్వు. అన్నిట్లోనూ నిజంగా ఒకే కొలతలో ఉందా? నీకేమాత్రం అనుమానం ఉన్నా రాయి. రేపే ఆ కుర్ర డాక్టరు ముందు నీ ఉత్తరం పెట్టి స్కాన్ తీయించుకుంటాను.

చెల్లెలు


స్టూడియో.

చెల్లాయికి,

ఫోటో అబద్ధం చెబుతుందా? కొలిచి చూసింది నేను కాదు, అంత చదువుకున్న డాక్టరమ్మ. ఆమెకన్నా నాకు ఎక్కువ తెలుసా?

పరాయి చోట వేళకి తిండి, నిద్ర లేక కళ్లు లాగుతూ ఉంటాయి. ఇంటికి వస్తే అన్నీ సర్దుకుంటాయి. లేనిపోనివి ఊహించుకుని సూదుల దాకా తెచ్చుకోకు.

వదిన నిన్ను మరీ మరీ అడిగింది. టికెట్ తీసుకున్నాక ఏ బస్సుకి వస్తున్నావో రాయి, స్టాండుకి వస్తాను.

అన్నయ్య


కంటి వార్డు,
కిటికీ పక్క మంచం.

అన్నయ్యకి,

గీతలు వంకరపోతే సర్దుకుని చదువుకో. ఒక కంటితో రాయడం ఇంకా అలవాటు కాలేదు.

నీ ఉత్తరం వచ్చిన వారంలోనే జరిగింది. పొద్దున పనిలోకి వెళ్లి, నీళ్ల తొట్టి ఎత్తడానికి వంగాను. కంటి వెనక ఏదో తెగినట్టైంది. లోపల నాళం చిట్లి గుంటంతా నెత్తురు నిండిపోయి, కనుగుడ్డు బయటికి తోసుకొచ్చింది. ఆ నొప్పి నీకు రాసి చెప్పలేను. నన్ను మోసుకెళ్లింది ఎక్స్-రే గదివాళ్లే. సెలవు నుంచి తిరిగొచ్చి పట్టుమని రెండు రోజులు కాని డాక్టరమ్మ పరుగున వచ్చింది. ముందు ఆ నెత్తురు లాగేసింది, వాపు తీశాక ఇంజెక్షన్ చేసింది. తర్వాత ఇంకో విడత. ఏ సూదికి నువ్వు భయపడ్డావో అది పడింది అన్నయ్యా. దానివల్ల నాకు ఏమీ కాలేదు. రెండు రోజులు జ్వరం, వారం రోజులు వాపు, అంతే. ఉబ్బు కరిగిపోతూ వచ్చింది, రెప్ప చదునైంది. నీలం కూడా తగ్గింది.

చూపు మాత్రం రాలేదు. నరం అప్పటికే చాలా రోజులుగా నలిగి ఉందట. ఎర్ర దీపం మట్టి రంగులో కనపడిన రోజునే మందు ఎక్కించి ఉంటే నిలిచేదని డాక్టరమ్మ చెప్పింది. చెబుతూ ఆమె నా వైపు చూడలేకపోయింది. "ఫోటోలను నమ్మి, స్కాన్ తీయించకపోవడం నా తప్పు" అంది. పెద్ద డాక్టరు నా లాంటిదాని ముందు ఆ మాట అనాల్సిన పనిలేదు. అయినా అంది.

నిన్న ఆ ఫోటోలు అడిగి తెప్పించుకున్నాను. మంచం మీద వరసగా పరిచాను. మొదట నాకు జాలేసింది, ఈ పిల్లా నేను అని. ఆరేళ్లప్పుడే రెప్ప అంత వేలాడుతుంటే ఎలా చదువుకుందో అనుకున్నాను. తర్వాత నీ పెళ్లినాటివి రెండు చూశాను. ఒకదాంట్లో వదిన పక్కన నిలబడ్డాను. రెండోదాంట్లో వంగి ఎవరి పిల్లకో చెప్పు పట్టీ పెడుతున్నాను, తల దాదాపు నేలకి ఆనుతోంది. అదే రోజు, అదే ముఖం. రెండింట్లోనూ ఉబ్బు ఒకే కొలతలో ఉంది, ఒకే ఆకారంలో ఉంది.

వంగితే అది రెండింతలవుతుంది. ఇరవై ఏళ్లు నా ముఖం మీద పెన్సిల్ నడిపినవాడివి, ఆ మాత్రం నీకు తెలియదు. చెరపడానికి తప్ప నువ్వు దాన్ని ఎప్పుడూ చూడలేదు.

అక్కడి నుంచి మిగతాదంతా విప్పుకోవడం ఎంతసేపు? నీ చెయ్యి నాకు తెలియనిదా? ప్రింటు మీద కుంచెతో ఉబ్బు వేసి, దాన్ని మళ్లీ కెమెరా కింద పెట్టి కాపీ తీశావు. పాతబడిన పెళ్లి ఫోటోల్లో చనిపోయినవాళ్లని తెచ్చి పెడతావే, అలా. ఇన్నేళ్లు నా ముఖం మీద ఉన్నదాన్ని తీసేశావు. ఒక్కసారి నిజం కావాల్సి వచ్చేసరికి లేనిదాన్ని తెచ్చి పెట్టావు. కాపీ చాలా బాగా కుదిరింది. డాక్టరమ్మే మోసపోయింది.

నేను నిన్ను సూటిగా అడిగాను. అప్పటికి నా కన్ను ఇంకా ఉంది. "ఫోటో అబద్ధం చెబుతుందా" అని రాశావు. నువ్వు ఫోటోలు మార్చావన్న కోపం ఏదో ఒక రోజుకి చల్లారుతుందేమో, భయపడ్డాడులే అనుకుంటానేమో. ఆ ఉత్తరం రాసిన చేతిని మాత్రం నేను మర్చిపోలేను.

డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. నిన్ను వెనకేసుకొచ్చే ఓపిక నాకు లేదు.

వార్డులో అద్దం ఉంది. ఇప్పుడు నా ముఖం అచ్చం నువ్వు తీర్చిన ఫోటోల్లోలాగే ఉంది. నర్సులు ఎంత బాగుందో అంటున్నారు.

చెల్లెలు


స్టూడియో.

చెల్లాయికి,

ఇన్ని రోజులుగా రాయడానికి కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

అవును, తుడిచిన నెగటివ్‌లు చూశాను. చిన్నప్పుడు అది పెసరగింజంత. హైస్కూల్లో రెప్ప అంచు దాకా వచ్చింది. నా పెళ్లినాటికి రెప్పంతా పాకింది. వరసగా పెట్టి చూస్తే అది పెరుగుతూనే ఉందని తెలిసిపోయింది. ఇవి పంపితే సూది వేస్తారు, సూది వేస్తే చూపు పోతుందని నువ్వే రాశావు. నేను ఆ సూదిని ఆపాలనుకున్నాను, అంతే. నీ కన్ను తీయాలనుకున్నానా? నువ్వు సూటిగా అడిగిన నాటికి నిజం చెబితే నువ్వు నన్ను జన్మలో నమ్మవని భయం వేసింది. ఇంటికి వచ్చేస్తే ఇక్కడే ఎవరికైనా చూపిద్దామనుకున్నాను. నీ ఉద్యోగం సంగతి విన్నాక ఇక నువ్వు రావేమో అన్న దిగులు కూడా ఉంది, లేదనను. నువ్వు లేకపోతే ఈ స్టూడియో ఏముంది? నేను ఏమున్నాను?

ఇంత చేసినవాణ్ణి, ఉత్తరం రాసి ఊరుకోలేకపోయాను. వదినకి పని మీద వెళ్తున్నానని చెప్పి మొన్న వచ్చాను. వార్డులో అడిగితే పంపించేశారని, ఎక్స్-రే గదిలోనే ఉన్నావని చెప్పారు. గేటు దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం నువ్వు బయటికి వచ్చావు. నీ ముఖం చూశాను. ఏ మచ్చా లేదు. తల ఎత్తుకుని, చేతిలో కవర్లు పట్టుకుని నడుస్తున్నావు. నాకు జానెడు దూరంలో నుంచి వెళ్లావు. నీ చీర కొంగు నా చేతికి తగిలింది. చూపు కూడా తిప్పలేదు. గోడని దాటినట్టు దాటిపోయావు.

తిట్టి ఉంటే పడేవాణ్ణి, నలుగురిలో కొట్టినా పడేవాణ్ణి. చూసి కూడా చూడనట్టు పోవడానికి నీకు మనసెలా వచ్చింది? నీ కోసం ఇన్నేళ్లు చేసిందంతా ఆ ఒక్కదాంతో కొట్టుకుపోయిందా? నేను పిలవలేకపోయాను. వచ్చిన బస్సులోనే తిరిగొచ్చేశాను.

నాకు కోపం లేదు. కానీ అంత పగ మాత్రం మన ఇంట్లో ఎవరికీ లేదు.

అన్నయ్య


ఎక్స్-రే గది.

అన్నయ్యకి,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. రెండుసార్లు చదివాను. తర్వాత గేటు దాకా వెళ్లి, కాపలా మనిషిని అడిగాను. అలాంటాయన ఒకరు వచ్చిన మాట నిజమేనట. స్తంభం పక్కన ఎక్కడ నిలబడ్డావో చేత్తో చూపించాడు.

నేను నిన్ను చూసి చూడనట్టు పోలేదు. నువ్వు నా ఎడమ వైపు నిలబడ్డావు.

చెల్లెలు